బయోడీజిల్ ప్రాజెక్టుకు ఫస్ట్ ప్రైజ్ సరే... క్యాంటీన్ నూనె సంగతేమిటి?



మొన్న మన క్యాంపస్‌లో జరిగిన సైన్స్ ఫెయిర్‌కు మీలో చాలామంది వచ్చారు. తొమ్మిదో తరగతి స్టాల్‌లో బంగారు రంగు ద్రవం ఉన్న ఒక సీసా, దాని పక్కన కోడిగుడ్డు పెంకుల పొడి, అరటి తొక్కల బూడిద, వెనకాల "వాడేసిన వంట నూనె నుంచి బయోడీజిల్: సహజ ఉత్ప్రేరకాలతో" అని రాసిన చార్టు చూసే ఉంటారు. దానికే ఫస్ట్ ప్రైజ్ వచ్చింది. ఆ స్టాల్ పెట్టిన నలుగురు పిల్లల్లో మా అమ్మాయి ఒకరు.

ఆటోనగర్‌లో నాకు డీజిల్ పంపులు, నాజిళ్లు బాగుచేసే షాపు ఉంది. ఇరవై ఏళ్లకు పైగా అదే పని. ఫెయిర్ అయ్యాక బండి మీద ఇంటికి వస్తుంటే వెనక నుంచి మా అమ్మాయి అడిగింది, "నాన్నా, ఈ సీసా మన షాపులో టెస్ట్ బెంచ్ మీద పెట్టి చూద్దామా?" అని. ఇంటికెళ్లి మూత తీసి వాసన చూశాను. పకోడీలు వేగిన వాసన అణువంత కూడా లేదు.

"ఏ నూనె వాడారమ్మా?" అన్నాను.

కాసేపు మాట్లాడలేదు. తర్వాత చెప్పింది. "కొత్త ప్యాకెట్ నాన్నా. కాగిన నూనెతో రెండుసార్లు చేశాం. రెండుసార్లూ సబ్బులా గడ్డకట్టింది. ఫెయిర్‌కి ఇంక రెండు రోజులే ఉంది. అందుకని సన్‌ఫ్లవర్ ప్యాకెట్ తెచ్చి చేశాం."

ఇది పిల్లల మీద ఫిర్యాదు కాదు. వాళ్ల టీచర్ మీద అసలే కాదు. ఆ నలుగురితోనూ, టీచర్ గారితోనూ మాట్లాడి, సరే అన్నాకే రాస్తున్నాను. నా అభిప్రాయం ఒక్కటే. ప్రైజ్ రావాల్సింది ఆ బంగారు రంగు సీసాకు కాదు, దాచేసిన సబ్బు సీసాకు. ఇంకో మాట కూడా ఉంది. మన స్కూల్లో వాడేసిన నూనె మీద జరగాల్సిన అసలు ప్రాజెక్టు ఎగ్జిబిషన్ బల్ల మీద లేదు. అది హాస్టల్ వంటగదిలో ఉంది.

సబ్బు ఎందుకయింది?

మన చిన్నప్పుడు అమ్మమ్మలు జిడ్డు గిన్నెల్ని కట్టెల పొయ్యి బూడిదతో తోమేవారు. బూడిదలో క్షారం ఉంటుంది. జిడ్డు మీద పడితే అది కొంత సబ్బుగా మారుతుంది. అందుకే గిన్నె తెల్లబడేది. పిల్లల సీసాలో జరిగింది కూడా అదే.

నూనె అణువును ఇలా ఊహించుకోండి. ఒక గ్లిజరిన్ కొయ్యకు మూడు కొవ్వు ఆమ్లాల తాళ్లు కట్టి ఉంటాయి. బయోడీజిల్ చేయడమంటే ఆ మూడు తాళ్లనూ గ్లిజరిన్ నుంచి విప్పి, ఒక్కొక్కదానికీ ఒక మెథనాల్ ముక్క కట్టడం. అప్పుడు చిక్కటి నూనె పల్చబడుతుంది. గ్లిజరిన్ బరువుగా ఉంటుంది కాబట్టి అడుగుకు దిగుతుంది. 100 కిలోల నూనెకు లెక్క ప్రకారం 11 కిలోల మెథనాల్ సరిపోతుంది. వస్తే దాదాపు 100 కిలోల బయోడీజిల్, 10 కిలోలకు పైగా గ్లిజరిన్ వస్తాయి. చర్య ముందుకు సాగడానికి మెథనాల్‌ను దానికి రెట్టింపు పోస్తారు. ఈ మార్పిడిని వేగంగా జరిపించేదే ఉత్ప్రేరకం. ఫ్యాక్టరీల్లో మామూలుగా సోడియం లేదా పొటాషియం క్షారాలు వాడతారు.

కొత్త నూనెలో ఈ తాళ్లన్నీ బిగువుగానే ఉంటాయి. మరి మనం నూనెలో వేయించేవి ఏమిటి? తడి శనగపిండి బజ్జీ, నానబెట్టి రుబ్బిన గారె పిండి, పులిసిన పునుగుల పిండి. వాటిలోని నీరు మరిగే నూనెలోకి దిగి కొన్ని తాళ్లను తెంపేస్తుంది. అలా విడిపోయినవే స్వేచ్ఛా కొవ్వు ఆమ్లాలు. వాటికి క్షారం తగిలితే బయోడీజిల్ కంటే ముందు సబ్బు తయారవుతుంది. ఆ సబ్బు నూనెనూ గ్లిజరిన్‌నూ విడిపోనివ్వదు. సీసా మొత్తం గంజిలా అయిపోతుంది. స్వేచ్ఛా ఆమ్లాలు సుమారు 2 శాతం దాటితే నేరుగా క్షారంతో చేయడం కష్టం. ముందు నూనెను వడకట్టాలి, వేడిచేసి నీరు పోగొట్టాలి, టైట్రేషన్ చేసి ఆమ్లమెంతో కొలవాలి. ఎక్కువ ఉంటే ఆమ్ల ఉత్ప్రేరకంతో ముందు ఇంకో దశ నడపాలి.

ఇదంతా మా అమ్మాయే నాకు చెప్పింది, ప్రైజ్ వచ్చిన వారం తర్వాత. రెండు సీసాలు ఎందుకు చెడిపోయాయో తెలుసుకోవడానికి ఆ పిల్లలు మళ్లీ పుస్తకాలు తిరగేశారు. కొత్త ప్యాకెట్‌తో చేసిన సీసా వాళ్లకు ఒక సర్టిఫికెట్ ఇచ్చింది. చెడిపోయిన రెండు సీసాలు కెమిస్ట్రీ నేర్పాయి. చార్టు మీద ఆ రెండింటి గురించి ఒక్క ముక్క కూడా లేకపోవడమే నాకు బాధ కలిగించింది.

"సహజం" అంటే సురక్షితం అని కాదు

చార్టు మీద పెద్ద అక్షరాల్లో ఉన్న మాట "సహజ ఉత్ప్రేరకాలు". అందులో అబద్ధమేమీ లేదు, నిజంగా మంచి విషయమే. కోడిగుడ్డు పెంకులో అత్యధిక భాగం కాల్షియం కార్బొనేట్. దాన్ని 900 డిగ్రీల దగ్గర కాలిస్తే కార్బన్ డయాక్సైడ్ పోయి కాల్షియం ఆక్సైడ్ మిగులుతుంది. అదే మనం సున్నం అనేది. మన తీరంలో ఆల్చిప్పలు, గుల్లలు కాల్చి గుల్లసున్నం చేసేవాళ్లు. తాంబూలంలోకీ గోడలకీ వాడిన ఆ సున్నమూ, ఈ ఉత్ప్రేరకమూ ఒకే కోవకు చెందినవి. దేశంలో కోడిగుడ్ల ఉత్పత్తిలో మన రాష్ట్రానిదే మొదటి స్థానం. పెంకులకు కొరతే లేదు.

అరటి సంగతీ అంతే. అరటి తొక్క బూడిదలో పొటాషియం లవణాలు బాగా ఉంటాయి. అస్సాంలో ఆ బూడిద నీళ్లను "కొలాఖార్" అని వంటల్లో వాడే ఆచారం తరాలుగా ఉంది. అక్కడి పరిశోధకులే అరటి బూడిదతో బయోడీజిల్ చేసి చూపించారు. కృష్ణా లంకల్లో గెల కోశాక పొలంలో మిగిలే బోదెలు చూసినవాళ్లకు ఇదెంత దగ్గరి విషయమో అర్థమవుతుంది.

ఈ ఘన ఉత్ప్రేరకాల వల్ల లాభమేమిటంటే, పని అయ్యాక వడపోసి మళ్లీ వాడుకోవచ్చు. కడగడానికి నీళ్లు తక్కువ పడతాయి. మరి ఇబ్బందులో? కాల్చిన పెంకు పొడిని గాలికి వదిలేస్తే తేమనూ కార్బన్ డయాక్సైడ్‌నూ పీల్చుకుని బలం కోల్పోతుంది. కొంత కాల్షియం ఇంధనంలోకి కరుగుతుంది. 900 డిగ్రీల వేడి గ్యాస్ పొయ్యి మీద రాదు. మన పిల్లల పెంకుల పొడిని కూడా టీచర్ గారు తెలిసిన కాలేజీ ల్యాబ్ కొలిమిలో కాల్పించి తెచ్చారు. ఈ ఇబ్బందులేవీ చార్టు మీద లేవు.

అన్నిటికంటే ముఖ్యమైన మాట. ఉత్ప్రేరకం పెంకైనా బూడిదైనా, పక్కన పోసేది మెథనాలే. కల్తీ సారా తాగి చూపు పోయింది, ప్రాణం పోయింది అని పేపర్లో చదువుతామే, ఆ విషం ఇదే. ఆవిరి పీల్చినా, చర్మానికి తగిలినా ఒంట్లోకి వెళ్లగలదు. దాదాపు 65 డిగ్రీలకే మరుగుతుంది. ఈ చర్యను నడిపేది కూడా ఇంచుమించు ఆ వేడి దగ్గరే. ఆవిరి అంటుకుంటే పగటి వెలుతురులో ఆ మంట కంటికి సరిగా ఆనదు. ఫెయిర్ తర్వాత ఇద్దరు తల్లులు నాకు ఫోన్ చేశారు, "మా వాడు సెలవుల్లో ఇంట్లో చేస్తానంటున్నాడండీ, అన్నీ నేచురలే కదా" అని. వద్దని గట్టిగా చెప్పాను. మీకూ అదే చెబుతున్నాను. టీచర్ పక్కన ఉండి, కళ్లద్దాలు, గ్లౌజులు, గాలి బయటకు లాగే ఏర్పాటు ఉన్న ల్యాబ్‌లో, తక్కువ మోతాదులో మాత్రమే చేయాల్సిన పని ఇది. వంటింట్లో, బాల్కనీలో, అపార్ట్‌మెంట్ టెర్రస్ మీద చేసేది కాదు.

షాపులో నేను చూసింది

మా అమ్మాయి సీసాను నేను టెస్ట్ బెంచ్ మీద ఎందుకు పెట్టలేదో కూడా చెప్పాలి.

కొన్నాళ్ల క్రితం కైకలూరు వైపు నుంచి ఒక చేపల చెరువుల రైతు జనరేటర్ పంపు తెచ్చాడు. చెరువులో ఏరియేటర్లు తిరగాలంటే రాత్రిపూట కరెంటు పోయినప్పుడు జనరేటరే దిక్కు. ఎవరో చెబితే తక్కువ ధరకు దొరికిన "బయోడీజిల్" పోశాడట. పంపు విప్పితే లోపల జిగురు, అడుగున తెల్లటి పొర. రబ్బరు సీళ్లు ఉబ్బిపోయి ఉన్నాయి. నాజిల్ సూది కదలడం లేదు. "మేస్త్రి గారూ, నూనెతో చేసిందే కదా, ఇంజిన్‌కి మంచిదన్నారు" అన్నాడు పాపం. ఆ రాత్రి ఏరియేటర్లు ఆగి ఉంటే చేపలు తేలిపోయేవి. అతని అదృష్టం, పక్క చెరువు రైతు జనరేటర్ ఇచ్చాడు.

మామూలు వంట నూనె డీజిల్ కంటే పది రెట్లు చిక్కగా ఉంటుంది. నాజిల్ దాన్ని పొగమంచులా చల్లలేదు. సరిగ్గా తయారైన బయోడీజిల్‌కు ఆ సమస్య లేదు. అయితే సరిగ్గా అంటే ఏమిటో భారత ప్రమాణం ఐఎస్ 15607 చెబుతుంది. కిలో ఇంధనంలో నీరు 500 మిల్లీగ్రాములు దాటకూడదు. కాల్షియం, మెగ్నీషియం రెండూ కలిపి 5 మిల్లీగ్రాములకు మించకూడదు. కోడిగుడ్డు పెంకుతో చేసిన సీసాలో అసలు ప్రశ్న ఈ రెండోదే. కంటికి బంగారంలా మెరుస్తున్నంత మాత్రాన ఆ 5 మిల్లీగ్రాముల సంగతి తెలియదు. నాజిల్ లోపల భాగాల మధ్య ఖాళీ మైక్రాన్లలో ఉంటుంది. నా బెంచ్ ఎంత కొట్టింది, ఎలా చల్లింది అన్నది చెబుతుంది గాని, రసాయన పరీక్ష చేయదు.

అందుకే దయచేసి స్కూల్ ప్రాజెక్టు ఇంధనం ఏదీ బండిలో పోయకండి. మీ బండి మాన్యువల్ ఎంత శాతం బయోడీజిల్ మిశ్రమాన్ని అనుమతిస్తే అంతే, అదీ బంకులో వచ్చిందే.

ఇది కొత్త కల కాదు

ఇదంతా చదివి నేను బయోడీజిల్‌కు వ్యతిరేకినని అనుకోవద్దు. 1900లో పారిస్ ప్రదర్శనలో ఒక డీజిల్ ఇంజిన్‌ను వేరుశనగ నూనెతో నడిపి చూపించారు. మన తెలుగువాళ్లకూ ఇందులో చరిత్ర ఉంది. అప్పటి ఆదిలాబాద్ జిల్లాలోని పవర్‌గూడ అనే గిరిజన గూడెంలో మహిళా సంఘం కానుగ చెట్లు పెంచి, గింజలు గానుగాడింది. ఆ నూనె డీజిల్‌కు బదులు వాడితే తగ్గే 147 టన్నుల కార్బన్ డయాక్సైడ్‌కు లెక్కగట్టి, 2003లో ప్రపంచ బ్యాంకు వారికి 645 డాలర్లు చెల్లించింది. ఇక్రిశాట్ వాళ్లకు తోడుగా నిలిచింది.

అదే కాలంలో దేశమంతా జత్రోఫా, అంటే అడవి ఆముదం, నాటితే చాలన్న ఉత్సాహం లేచింది. 2009 జాతీయ విధానం 2017 నాటికి 20 శాతం మిశ్రమం అంది. అందులో ఒక శాతానికీ చేరలేదు. చేలల్లో ఊహించిన దిగుబడి రాలేదు. 2018 విధానం లక్ష్యాన్ని 2030 నాటికి 5 శాతానికి తగ్గించి, వాడేసిన వంట నూనె వైపు చూసింది. అది తెలివైన మలుపు అని నా నమ్మకం. ఆ నూనె కోసం కొత్తగా ఎకరం సాగు చేయక్కర్లేదు. అది రోజూ మన మూకుళ్లలో తయారవుతూనే ఉంది.

మరి ఇబ్బంది ఎక్కడ? ఉత్ప్రేరకం దగ్గర కాదు, నూనెను పోగుచేసే దగ్గర. జపాన్‌లోని క్యోటో నగరం 1997 నుంచి చెత్త బండ్లను ఇలాంటి ఇంధనంతో నడిపింది. ఆస్ట్రియాలోని గ్రాజ్ నగరం 1994లో మొదలుపెట్టి సిటీ బస్సులను నడిపింది. ఆ రెండు చోట్లా ప్రజలు ఇళ్ల నుంచి, హోటళ్ల నుంచి నూనెను తెచ్చి ఒక చోట ఇచ్చే అలవాటు చేసుకున్నారు. మన దగ్గర లేనిది ఆ అలవాటే.

మన నూనె ఎక్కడికి పోతోంది?

నూనెను మళ్లీ మళ్లీ కాచితే అందులో ధ్రువ పదార్థాలు పెరుగుతాయి. ఇంగ్లీషులో టోటల్ పోలార్ కాంపౌండ్స్, పొట్టిగా టీపీసీ అంటారు. అది 25 శాతం దాటిన నూనెను వంటకు వాడకూడదని ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నిబంధన 2018 జులై 1 నుంచి అమల్లో ఉంది. అదే ఏడాది ఆగస్టులో ఆ సంస్థ "రూకో" పేరుతో వాడిన నూనెను బయోడీజిల్‌కు మళ్లించే కార్యక్రమం ప్రారంభించింది. వేపుళ్లకు రోజుకు 50 లీటర్లకు మించి నూనె వాడే వంటశాలలు లెక్కల పుస్తకం పెట్టాలనీ, వాడేసిన నూనెను నమోదైన సేకరణదారులకే ఇవ్వాలనీ 2019 మార్చి 1 నుంచి నిబంధన తెచ్చింది. 2019 ఆగస్టు 10న, ప్రపంచ జీవ ఇంధన దినం నాడు, ప్రభుత్వ చమురు కంపెనీలు వాడిన నూనెతో చేసిన బయోడీజిల్‌ను 100 నగరాల్లో కొనడానికి ముందుకొచ్చాయి. మొదటి ఏడాదికి లీటరుకు 51 రూపాయలు అని ధర కూడా చెప్పాయి. మన కాకినాడలోనే పెద్ద బయోడీజిల్ ప్లాంట్లు ఉన్నాయి. చట్టమూ ఉంది, కొనేవాళ్లూ ఉన్నారు.

అయినా పెద్ద వంటశాలలో నల్లబడిన నూనె డబ్బాల్లో చౌకగా చేతులు మారి చిన్న బండ్లకు చేరే ప్రమాదం ఉండనే ఉంది. రూకో పుట్టిందే దాన్ని ఆపడానికి. సాయంత్రం స్కూల్ వదిలాక మన పిల్లలు తినే నూడుల్స్, మిరపకాయ బజ్జీ ఏ నూనెలో వేగాయో మనకు తెలియదు. ఆ బండి అతన్ని తిట్టడం తేలిక. ప్యాకెట్ నూనె ధరతో సతమతమయ్యేవాడు చౌక నూనె దొరికితే కొనడా? ఆ చౌక నూనె బయలుదేరిన చోటే ఆపాలి. పెద్ద వంటశాలలు అంటే హోటళ్లే కాదు, కల్యాణ మండపాలు, హాస్టళ్లు కూడా. పెనమలూరు, పోరంకి, కానూరు, నిడమానూరు వైపు ఎన్ని హాస్టళ్లు ఉన్నాయో మీకు తెలుసు. ఒక్కో హాస్టల్లో వందల మందికి పూరీలు, వడలు వేగుతాయి.

మన స్కూల్ వంటగదిలో తప్పు జరుగుతోందని నేను అనడం లేదు. నాకు ఆ ఆధారం లేదు. అడగాల్సిన ప్రశ్న మనం ఇప్పటిదాకా అడగలేదని మాత్రం అంటున్నాను. ఏసీ పనిచేస్తోందా, బస్సుకు జీపీఎస్ ఉందా, ఐఐటీ ఫౌండేషన్ మెటీరియల్ ఎప్పుడిస్తారు అని అడిగాం. వడలు వేగిన నూనె నెలాఖరున ఎవరికి వెళుతోందని అడగలేదు.

నా మనవి

కొందరు మిత్రులు "ఫీజు కట్టేది చదువుకు గానీ నూనె లెక్కలకు కాదు" అన్నారు. అది కూడా చదువేనని నా నమ్మకం. ఒక చిన్న లెక్క చూడండి. మన బ్రాంచిలో వెయ్యి కుటుంబాలు, ఒక్కో ఇంట్లో వారానికి 200 మిల్లీలీటర్ల వాడిన నూనె మిగిలిందనుకుందాం. నాలుగు వారాలకు 800 లీటర్లు. నష్టాలు పోను 700 లీటర్ల బయోడీజిల్ అనుకోండి. ఒక స్కూల్ బస్సు నెలకు 300 లీటర్లు తాగుతుందనుకుంటే, ఆ 700 లీటర్లు రెండు బస్సులకు సరిపోయి కొంచెం మిగులుతుంది. 5 శాతం మిశ్రమంగా కలిపితే 14,000 లీటర్ల ఇంధనంలో, అంటే 46 బస్సుల నెల వాడకంలో, మన వంటింటి వాటా ఉంటుంది. వెయ్యి ఇళ్లు కలిసినా ఒక ఫ్లీట్‌లో 5 శాతమే. "బయోడీజిల్‌తో దేశం పెట్రోల్ సమస్య తీరిపోతుంది" అని చార్టు మీద రాయకుండా ఉండటానికి ఈ ఒక్క లెక్క చాలు. అలాగే ఆ 800 లీటర్లు ఎవరి మూకుడులోకీ, ఏ డ్రైనేజీలోకీ వెళ్లకుండా ఆగుతాయన్నది కూడా అదే లెక్క చెబుతుంది. నా దృష్టిలో రెండోదే పెద్ద లాభం.

యాజమాన్యానికి నా విన్నపాలు నాలుగు.

ఒకటి. క్యాంటీన్, హాస్టల్ వంటగదుల్లో నూనె రిజిస్టర్ పెట్టండి. ఎంత కొన్నారు, ఎంత తీసేశారు, ఎవరికిచ్చారు, వారి నమోదు వివరాలేమిటి అన్నవి నెలకోసారి నోటీసు బోర్డులో కనిపించాలి. మన వాడకం రోజుకు 50 లీటర్ల లోపే అయినా సరే పెట్టండి. నిబంధన మనకు వర్తించదన్నది సమాధానం కాదు.

రెండు. టీపీసీ కొలిచే చిన్న మీటర్లు మార్కెట్లో దొరుకుతాయి. ఒకటి కొని, వారానికోసారి పెద్ద తరగతి పిల్లల ముందు కొలవండి. నూనెలో ముంచి అంకె చదవడమే. ఆ సమయంలో వేడి నూనె దగ్గర వంటవారే ఉండాలి, అంకె రాసుకునేది పిల్లలు. ఏడాది పొడవునా రాసిన ఆ అంకెల పట్టిక ఏ ప్రైజ్ ప్రాజెక్టుకూ తీసిపోదు.

మూడు. పేరెంట్ మీటింగ్ రోజున గేటు దగ్గర ఒక మూత ఉన్న డ్రమ్ము పెట్టండి. ఇళ్ల నుంచి చల్లారిన, వడపోసిన నూనె సీసాల్లో తెస్తాం. అది నమోదైన సేకరణదారుకే వెళ్లాలి, రసీదు చూపించాలి.

నాలుగు. సైన్స్ ఫెయిర్ నియమాల్లో ఒక మార్పు చేయండి. ప్రతి ప్రాజెక్టు పక్కన ప్రయత్నాల పుస్తకం ఉండాలి. ఎన్నిసార్లు చేశారు, ఎన్నిసార్లు చెడింది, ఎందుకని అనుకుంటున్నారు అన్నది అందులో రాయాలి. దానికీ మార్కులు ఉండాలి. మెథనాల్ లాంటివి వాడే ప్రయోగాలు ల్యాబ్‌లో టీచర్ చేతుల మీదుగానే జరగాలి. చిన్న తరగతుల వాళ్లకు వేరే దారులు చాలా ఉన్నాయి. ఒకే గరాటు గుండా నీళ్లు, కొత్త నూనె, చల్లారిన కాగిన నూనె ఎన్ని సెకన్లలో దిగుతాయో కొలవమనండి. చిక్కదనం అంటే ఏమిటో, నాజిల్‌కు అదెందుకు పడదో అక్కడే అర్థమవుతుంది.

ఇక మన ఇళ్ల సంగతి. ఒకసారి వేయించిన నూనెను వడకట్టి, ఒకటి రెండు రోజుల్లో కూరల తాలింపుకు వాడేయమనీ, దాంతోనే మళ్లీ వేపుళ్లు చేయొద్దనీ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ చెబుతోంది. పండక్కి అరిసెలు, గారెలు చేశాక మిగిలిన లీటరు నూనెను నెల రోజులు దాచి వాడటం మన చాలా ఇళ్లలో ఉంది, మా ఇంట్లోనూ ఉండేది. పారేయాల్సి వస్తే సింకులో పోయకండి. ఇసుకలోనో పాత గుడ్డలోనో పీల్చేలా చేసి చెత్తబుట్టలో వేయమంటున్నారు. డ్రమ్ము వస్తే ఆ పనీ తప్పుతుంది.

చివరగా ప్రైజ్ సంగతి. ఆ నలుగురూ తమంతట తామే టీచర్ గారి దగ్గరకు వెళ్లి కొత్త ప్యాకెట్ సంగతి చెప్పారు. ఆవిడ కోప్పడలేదు. సబ్బుగా మారిన సీసాను వెతికి తెమ్మని, దాని మీద "మొదటి ప్రయత్నం, కాగిన నూనె, విఫలం" అని లేబుల్ రాయించి ల్యాబ్ బీరువాలో బంగారు రంగు సీసా పక్కన పెట్టించారు. ఈసారి క్యాంటీన్ నుంచి అసలైన వాడిన నూనె అడిగి తెచ్చి, ముందు టైట్రేషన్‌తో మొదలుపెడతామంటున్నారు.

ఆ నూనె ఇచ్చేటప్పుడు క్యాంటీన్ వాళ్లు రిజిస్టర్‌లో రాసి ఇస్తారా? వచ్చే పేరెంట్ మీటింగ్‌లో నేను అడగబోయే మొదటి ప్రశ్న అదే. మీరూ నాతో పాటు అడగాలని కోరుతున్నాను.

(ఆటోనగర్ నుంచి, తొమ్మిదో తరగతి విద్యార్థిని తండ్రి)